ఓబులేసన్న ఎక్కించిన పిస్టన్

నిన్న పొద్దున గుమ్మఘట్ట నుంచి ఫోన్. మెకానిక్ ఓబులేసన్న పోయాడని.

"ఏ ఓబులేసు?" అని అడిగాను. అడిగి సిగ్గుపడ్డాను. నాకు తెలిసిన ఓబులేసు ఒక్కడే.

అప్పటి నుంచి ఏ పనీ చేతికి రావడం లేదు.

ఒక మాట నలభై ఏళ్లు దాచాను. ఈ గ్రూపులో మన ఊరివాళ్లు చాలామంది ఉన్నారు. చదవండి.

ఎనభైల్లో ఒక కరువు ఏడు. మా శెనక్కాయ చేను కాయ పట్టే ఊడలు దిగి, ఒక్క తడి కోసం చూస్తోంది. సరిగ్గా అప్పుడే బావి మీది డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పగిలింది. నాయనేమో కాలు విరిగి ఇంట్లో మంచం మీద. ఆ ఇంజన్‌కు పిస్టన్లు దొరకడం ఎప్పుడో ఆగిపోయింది.

ఓబులేసన్న బళ్లారి పాత ఇనుము అంగళ్లన్నీ తిరిగి వేరే ఇంజన్ పిస్టన్ ఒకటి తెచ్చాడు. లావు సరిపోయింది. కానీ పిన్ను సన్నం, తల కాస్త ఎత్తు. పాత కనెక్టింగ్ రాడ్డుకు పట్టదు.

"రాడ్డు బంగారట్ల ఉండాదప్పా, దాన్ని పారేసేది లేదు" అన్నాడు. లేత్ మీద ఆ సన్న పిన్నుకు సరిపడా కొత్త బుష్ తీయించి రాడ్డులో దిగ్గొట్టాడు.

తర్వాత మా అమ్మను రాగిముద్ద అడిగాడు.

తినడానికనుకుంది పిచ్చితల్లి, ఊరుబిండి పచ్చడి కూడా వేసి పంపింది!

అన్న ముద్దలోంచి చిటికెడు తీసి పిస్టన్ తల మీద పెట్టాడు. హెడ్ బిగించి, వీల్ చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్లీ విప్పాడు. ముద్ద కాగితంలా అణిగిపోయింది. అంటే పిస్టన్ పోయి హెడ్‌కు తగులుతుందన్నమాట. హెడ్ కాస్త పైకి లేచేలా కింద ఇంకో గ్యాస్కెట్ వేసి చూశాడు. మళ్లీ చూశాడు. నాలుగోసారికి రూపాయి బిళ్ల మందం మిగిలింది.

మిగతా ముద్ద ఊరుబిండితో తినేశాడు.

ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఊరంతా వినపడింది.

పావుగంట.

పైపులోంచి బురద వచ్చింది, తర్వాత గాలి. తొంగి చూస్తే బావి అడుగున రాళ్లు. అన్నే ఇంజన్ ఆపేశాడు.

ఇంటికి పోతే నాయన మంచం మీది నుంచే అడిగాడు. "ఏమప్పా ఓబులేసూ, ఇంజన్ ఏల నిల్సిపోయె?"

నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు. "పిస్టన్ కుదర్లేదు పెద్దాయనా. తప్పు నాదే."

నాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అన్న తల వంచుకుని అన్నీ విన్నాడు.

బయటికొచ్చాక "ఎందుకట్ల చెప్పినావన్నా?" అని అడిగాను.

"ఇంజన్ చెడిందంటే ఆయప్ప నన్ను తిట్టుకుంటా బతుకుతాడు. బాయి ఎండిందంటే ఏం జేస్తాడు?"

చేను ఎండిపోయింది. నాయన రెండేళ్లు బతికాడు గానీ మంచం దిగలేదు. వచ్చిన ప్రతివాడికీ ఒకటే మాట: "బాయిలో నీళ్లుండాయి. ఆ ఓబులేసు చేతిలో మన్ను పడ!"

మా బావిలోకి తొంగి చూసినవాడు లేడు, నాయన మాటే అందరూ నమ్మారు. రైతులు ఇంజన్లు రాయదుర్గం తీసుకుపోవడం మొదలుపెట్టారు. అన్న షెడ్డు మూసేసి రాళ్లు కొట్టే కూలికి పోయాడు.

నాయన పోయాకైనా నేను నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. పిరికితనం, ఇంకేం కాదు. ఎదురుపడినప్పుడు "చెప్పేదా అన్నా?" అంటే, "ఇప్పుడెవరికి కావల్లప్పా, ఇంజన్లే లేవు" అని నవ్వేవాడు.

ఆ బావిలోకి నీళ్లు మళ్లీ రాలేదు.

వినాల్సినవాడు పోయాక చెబుతున్నాను, అందరూ వినండి. ఆ పిస్టన్ సరిగ్గా కుదిరింది.

పోయి రా ఓబులేసన్నా. ఆ చోటనైనా నిన్నెవరూ తిట్టకుండా, చల్లగా ఉండు.