మామయ్య బ్రేకు పరీక్ష

గవర్నర్‌పేటలో గేర్ల సైకిళ్ల షాపు నడిపిన మా మామయ్య, ఆయిల్‌తో పనిచేసే చవక హైడ్రాలిక్ బ్రేకులు ఎవరు తెచ్చి అమ్మినా ఒకటే పరీక్ష పెట్టేవాడు. అమ్మినవాణ్ణే మొగల్రాజపురం కొండవాలు కింద నిలబెట్టి, పైనుంచి సైకిల్ మీద దూసుకొచ్చేవాడు.

"నీ సరుకేగా, నిలబడవయ్యా!"

బ్రేకు పడకపోతే వాడి కాలు విరిగేది. పక్కకు దూకినవాడు చల్లపల్లి దాకా ఆగకుండా పరుగెత్తేవాడు.

ఒక డీలరు మాత్రం ఎదురు తిరిగాడు. "బిగించింది మీరేగా! మీరు నిలబడండి, నేను తొక్కుతా."

మామయ్య వెళ్లి నిలబడ్డాడు. డీలరు ఎంత నొక్కినా బ్రేకు పడలేదు. "తప్పుకోండి బాబోయ్!" అని అరిచినా మామయ్య కదల్లేదు.

విరిగిన కాలితో, నెత్తురోడుతూనే లేచి కూర్చుని డీలరు చెంప పగలగొట్టాడు. తర్వాత సైకిల్ని దగ్గరికి లాక్కుని బ్రేకు లివరు నొక్కి చూశాడు.

"ఆయిల్ పైపులో గాలి ఉండిపోయిందిరా అల్లుడూ. బిగించేటప్పుడు తియ్యాల్సింది నేనే," అని నాతో అంటూ అదే చేత్తో తన చెంప కూడా పగలగొట్టుకున్నాడు.