ఆమె పేరుతో చేసిన ఫోన్

ఈ బరువు ఎన్నేళ్ళుగా మోస్తున్నానో నాకే తెలుసు. మా ఆయనతో కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఆమెను శైల అంటాను. అసలు పేరు కాదు. అమెరికాలోని నోవైలో మా అపార్ట్‌మెంట్ పైఅంతస్తులో ఒంటరిగా ఉండేది. హెచ్ఐవీ ఉంది, విడిచిపోయిన భర్త నుంచి వచ్చింది. ఆ సంగతి ఈ దేశంలో నాకొక్కదానికే చెప్పింది. ఆఫీసులో చుట్టూ క్యూబికల్స్‌లో మనవాళ్ళే. అక్కడి నుంచి క్లినిక్‌కి ఫోన్ చేసి ఏమని మాట్లాడుతుంది? అందుకని ఇంట్లో ఉండే నేనే ఆమె పేరు, పుట్టిన తేదీ చెప్పి, ఆమెనైనట్టే మాట్లాడేదాన్ని. నా నంబరే ఇచ్చాం. మనలో ఇది మామూలే. మా ఆయన ఆ బొంగురు గొంతుతోనే నా పేరు చెప్పి కస్టమర్ కేర్‌తో గొడవపడడూ?

శైలకు చేసిన పాప్ టెస్ట్‌లో గర్భాశయ ముఖద్వారం దగ్గర కణాలు మారాయని తేలింది. డాక్టరమ్మ నా ఎదుటే విడమరిచి చెప్పింది: మందులతో వైరస్ అదుపులో ఉన్నా, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు అక్కడ క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువే, చిన్న ముక్క తీసి పరీక్షించాలి, ఆలస్యం చేయొద్దు. నేను విన్నాను. అర్థం కాలేదనడానికి లేదు.

శైల కంటే ముందు నేను బయటికి వస్తుంటే మా పాప డ్యాన్స్ టీచర్ ఎదురైంది. తలుపు మీద హెచ్ఐవీ క్లినిక్ అన్న బోర్డు చూసింది, నన్ను చూసింది. ఏదో అబద్ధం చెప్పి తప్పించుకున్నాను. ఇక ఒకటే గుబులు. మా పాపను బర్త్‌డేలకు పిలుస్తారా? మా ఇంట్లో ఎవరైనా కాఫీ తాగుతారా? ఇంత చిన్న భయమా అంటే, అవును, ఇంతే. అది చలికాలం, మంచులో డ్రైవ్ చేయడం శైలకు చేతకాదు. ఆ ముక్క తీసే బయాప్సీకి నేనే తీసుకెళ్ళాలి, మళ్ళీ ఆ తలుపులోంచే.

ఫోన్ చేశాను. ఆమె పేరు చెప్పాను. అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశాను. శైలతో మాత్రం, క్లినిక్ వాళ్ళే వాయిదా వేశారని, మళ్ళీ పిలుస్తారని చెప్పాను. వాళ్ళు పిలిచారు, నా నంబర్‌కి. ఎత్తలేదు. మంచు తగ్గాక చూద్దాంలే అని సర్దిచెప్పుకున్నాను. మంచు కరిగింది. అప్పుడూ ఎత్తలేదు. శైల అడిగినప్పుడల్లా, నేను కాల్ చేస్తూనే ఉన్నాను, వాళ్ళే డేట్ ఇవ్వట్లేదన్నాను.

ఎండాకాలంలో రక్తస్రావం మొదలైంది. అప్పటికే క్యాన్సర్ ముదిరింది. ప్రాణం దక్కింది, గర్భసంచి తీసేశారు. శైల మళ్ళీ పెళ్ళి చేసుకుని బిడ్డను కనాలనుకుంది. మందులు సరిగ్గా వాడితే బిడ్డకు హెచ్ఐవీ రాకుండా కనొచ్చని ఆ డాక్టరమ్మే అంతకుముందు ధైర్యం చెప్పింది.

ఆసుపత్రి మంచం మీద నన్నడిగింది.

"అక్కా, వాళ్ళు అప్పుడే పిలిచుంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా?"

"ఏం చేస్తామే, ఇక్కడి సిస్టమే అంత. నేనెన్నిసార్లు కాల్ చేశానో నీకు తెలుసుగా."

"తెలుసక్కా. నువ్వు కాబట్టి ఇంత చేశావు," అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ చేతిని వెనక్కి తీసుకోలేదు. అది కూడా రాయాలి. మొదటి అబద్ధాన్ని భయం మీదకు నెట్టగలను. ఈ రెండో అబద్ధానికి ఏ భయమూ లేదు, మంచిదాన్ననిపించుకోవాలన్న కక్కుర్తి తప్ప. శైల ఇప్పటికీ ప్రతి పండక్కీ మా పాపకు బట్టలు తెస్తుంది. నిజం చెబితే ఆమెకున్న ఒక్క అక్కా పోతుంది కదా అనుకుంటాను, మరుక్షణమే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

క్లినిక్ వాళ్ళు వాయిదా వేయలేదు. నేనే వేశాను. ఇన్నాళ్ళకు ఈ ముక్క రాయగలిగాను. క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. అయినా కాస్త తెరిపిగా ఉంది.