బరువడుగు

మా వదినకు నోట్లో నాలుక లేదని అందరూ అంటారు. ఇంట్లో ఆ లోటు ఆడపడుచుగా నేనే తీరుస్తుంటాను. ఈ సంగతి మాత్రం ఆవిడ నాలుగేళ్ళు నా దగ్గర కూడా దాచింది. అందుకు ఆవిడ మీద కూడా నాకు కోపమే.

వదిన యూనిఫారాలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. వారానికి మూడు సాయంత్రాలు మిషను మీద గుడ్డ కప్పేసి, టైర్ల షాపు పైనున్న హాలుకు టాంగో నేర్చుకోవడానికి వెళ్తుంది. టాంగోలో ఒకరు నడిపిస్తారు, రెండోవాళ్ళు వాళ్ళకు ఎదురుగా ఆనుకుని వెనక్కి అడుగులు వేస్తారు. మాటలుండవు. ఎటు వెళ్ళాలో నడిపించే మనిషి ఛాతీ కదలికే చెప్పాలి. ఆడుతుండగా జంటలో ఒకరినొకరు తప్పు పట్టకూడదని ఆ హాల్లో నియమం. దిద్దేది టీచరమ్మ ఒక్కతే.

వదిన జంట ఒక బ్యాంకు ఆఫీసరు. నియమం గట్టు మీద పెట్టి, మొదటి నెల నుంచీ ఆవిడ చెవి దగ్గర ఒకటే పాట: "బరువు. మీ అడుగు బరువండీ."

వదిన నమ్మింది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రోజంతా మిషను తొక్కే కాలు కదా, మొద్దుబారి ఉంటుందనుకుంది. వంటగది నుంచి గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడిచేది. మడమ చప్పుడైతే మళ్ళీ మొదటికి. "ఏమిటే, రివర్సు గేరు పడిందా?" అని అన్నయ్య నవ్వేవాడు. ఎంత నడిచినా బరువు తగ్గలేదన్నాడు బ్యాంకాయన. కుట్టు ఎక్కడ తప్పిందో అంతుపట్టకపోతే వదిన బట్టను తిరగేసి చూస్తుంది. ఇక్కడా అదే చేసింది. దిండును కౌగిలించుకుని, రెండేళ్ళపాటు ఆయన వేయాల్సిన అడుగులు కూడా నేర్చుకుంది.

పై తరగతికి ఎంపిక చేసే రోజున నేనూ వెళ్ళాను. ఆ తరగతిలో చోటు కోసమే ఆవిడ ఇన్నాళ్ళూ పడ్డ పాట్లన్నీ. పాట సగంలో బ్యాంకాయన ఆగిపోయాడు. అందరి ముందూ చేతులు దులుపుకుని, "ఈవిడతో నా వల్ల కాదు మేడమ్. మూట మోస్తున్నట్టుంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండి లేచాను. వదిన నన్ను కూర్చోమన్నట్టు చెయ్యి ఊపింది.

"అయితే నేను నడిపిస్తాను. మీరు రండి," అంది ఆయనతో.

కాదంటే పరువు పోతుందని వచ్చాడు. నాలుగడుగులైనా పడలేదు. ఆవిడ కదలకముందే కదిలాడు, రెండు కాళ్ళ మీదా బరువేసి దిమ్మలా నిలబడ్డాడు, ఆవిడ కాలు తొక్కాడు. నడిపించేటప్పుడూ ఇలాగే రెండు కాళ్ళ మీదా నిలబడితే, ఆ మనిషి ఛాతీ ఎటు వెళ్ళమని చెబుతుంది? ఇన్నాళ్ళూ వదిన మోసింది ఆయన బరువే. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే మరి!

టీచరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి, "నాకు మొదటినుంచీ తెలుసమ్మా," అంది.

"తెలిసీ చెప్పలేదేం?" అన్నాను నేను.

"చెబితే ఆయన మానేస్తాడు. నడిపించే మగవాళ్ళు తక్కువ మాకు. ఈవిడైతే ఓర్చుకుంటుంది కదా అని..."

ఓర్చుకుంటుంది కదా అని! నాలుగేళ్ళు! బ్యాంకాయన మీదకన్నా ఆ మాట మీద నాకు ఎక్కువ మండింది. ఇప్పటికీ మండుతోంది. నేను నోరు తెరిచేలోపే వదిన అంది: "పై తరగతికి వస్తాను. నడిపించే వైపు నిలబడతాను. తక్కువన్నారుగా."

టీచరమ్మ కాదనలేకపోయింది. బ్యాంకాయనకు కింది తరగతిలోనే కొత్త జంటను చూపించింది.

నెల తిరిగాక, అన్ని తరగతులూ కలిసి ఆడే సాయంత్రం, ఒక అమ్మాయి వదిన ముందుకొచ్చింది. చెయ్యి కలపకముందే, "ఏమీ అనుకోకండి ఆంటీ, నా అడుగు కాస్త బరువు," అంది.

వదిన ఎత్తిన చెయ్యి దించేసింది.

"ఎవడన్నాడమ్మా నీతో ఆ మాట?"

ఆ పిల్ల కళ్ళు మూలన కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్న బ్యాంకాయన వైపు వెళ్ళాయి. వదిన అటు నడిచింది. మడమల చప్పుడు కింద టైర్ల షాపు దాకా వినబడి ఉంటుంది.