రెండు బాణాల కొండ

మా మామయ్య పోయాడు. పోయిన నెల ఒక బుధవారం తెల్లవారుజామున, షార్జాలో, అల్ నహ్దాలోని తన ఫ్లాటులో, నిద్రలోనే. అత్తయ్య కాఫీ కలుపుకొని వెళ్ళి లేపితే లేవలేదు. అదే బిల్డింగులో కింది అంతస్తులో ఉండే నేను ఆమె కేక విని చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కి పరుగెత్తాను. తలుపు పక్కన ఆయన సైకిల్ గోడకు ఆనించి ఉంది. చక్రాలకు గాలి నిండుగా ఉంది.

పరామర్శకు వచ్చినవాళ్ళలో కొందరు "ఈ వయసులో సైకిల్ తొక్కి తొక్కి గుండెకు తెచ్చుకున్నాడు పాపం" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సైకిలే లేకపోతే ఆయన ఏనాడో మంచం పట్టేవాడు. ఈ సంగతి నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. నెల్లూరు నుంచి చిన్న వయసులోనే దుబాయ్ వచ్చి, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక కంపెనీ గోడౌనుకు స్టోర్‌కీపర్ అయ్యాడు. 2002లో ఆ గోడౌనులో పెట్టెల దొంతర ఒకటి ఆయన మీదికి ఒరిగి కుడి మోకాలు చితికిపోయింది. ఆపరేషన్ అయితే చేశారు గాని, కుంటకుండా నడవడం కష్టమే అన్నారు. నడవలేని స్టోర్‌కీపర్ కంపెనీకి దేనికి? వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తారని అందరం అనుకున్నాం. అత్తయ్య అట్టపెట్టెల్లో సామాను సర్దడం కూడా మొదలుపెట్టింది.

అప్పుడు అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఒక ఇంగ్లీషాయన. సెలవులొస్తే చాలు, తన దేశం వెళ్ళి సైకిల్‌కు రెండు వైపులా సంచులు తగిలించుకొని, కొండల దారుల్లో ఊరూరూ తిరిగే మనిషి. ఆయన ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన కూర్చొని, "ముందు ఆ కాలు బాగుచేసుకో. నీకు కూర్చొని చేసే పని ఇస్తాను. ఎప్పుడో ఒకరోజు నువ్వు నాతోపాటు మా ఊరి కొండ సైకిల్ మీద ఎక్కాలి" అన్నాడు. ఓదార్పుకు అన్న మాట అని మాకందరికీ తెలుసు. "ఎక్కుతా సార్" అన్నాడు మామయ్య. ఓదార్పు అని తెలియనిది ఆయన ఒక్కడికే.

చెప్పినట్టే సేఫ్టీ డెస్కులో కూర్చోబెట్టారు. ఎండాకాలమంతా గోడౌను గేటు దగ్గర కుర్చీ వేసుకొని, చేతిలో నీళ్ళ సీసా లేనిదే ఎవర్నీ బయటికి వదిలేవాడు కాదు. "ఎండలో తాగకుండా పోయినావంటే పడిపోతావు. తీసుకో" అని డ్రైవర్ల ఒళ్ళో సీసా పెట్టేవాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఈ వీధి నుంచి ఆ వీధికి వెళ్ళాలన్నా ఆయన కారు డిక్కీలో నీళ్ళ పెట్టె ఉండాల్సిందే.

ముదీర్ రిటైరై వెళ్తూ తన పాత సైకిల్, దాంతోపాటు తమ ఊరి కొండదారుల మ్యాపు ఒకటి మామయ్యకు ఇచ్చేసి వెళ్ళాడు. ఆ మ్యాపును అత్తయ్య ఫ్రిజ్ తలుపుకు అంటించింది. అందులో దారుల మీద అక్కడక్కడా చిన్న బాణం గుర్తులు ఉంటాయి. ఒక బాణం ఉంటే ఆ దారి బాగా ఏటవాలు అని. రెండు ఉంటే నిలువు గోడే అనుకోండి. ముదీర్ పెన్సిల్‌తో సున్న చుట్టిన కొండకు రెండు బాణాలు. పాలకోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా మామయ్య దాని వంక ఒక చూపు చూసేవాడు.

కొండ ఎక్కాలంటే ఎత్తు మీద తొక్కడం రావాలి. షార్జా చూస్తే పళ్ళెంలా ఉంటుంది. మామయ్య దానికీ దారి కనిపెట్టాడు. మా వీధి చివర షాపింగ్ మాల్‌కు కార్లు పెట్టుకునే, మలుపులు తిరుగుతూ పైదాకా ర్యాంపు ఉన్న అంతస్తుల భవనం ఉంది. శుక్రవారం పొద్దున నమాజు అయ్యేదాకా అందులో ఒక్క కారు ఉండదు. అక్కడి వాచ్‌మన్ పఠాన్ చాచా మొదట "యే గాడీ కే లియే హై, సైకిల్ కే లియే నహీ" అని, కార్లకు తప్ప సైకిళ్ళకు దారి లేదన్నాడట. మామయ్య ప్యాంటు పైకి లాగి మోకాలి మీది కుట్లు చూపించాడట. చాచా అడ్డకర్ర ఎత్తాడు.

అక్కడ ఆయనకొక నియమం ఉండేది. ఎక్కుతుండగా కాలు నేలకు ఆనితే ఆ ఎక్కడం చెల్లదు. పై అంతస్తు చివరి మలుపులో ఆనినా సరే, సైకిల్ తిప్పుకొని మొదటికి వచ్చేసేవాడు. "అక్కడ్నుంచే ఎక్కరాదా మామా? ఎవురు చూస్తుండారు?" అని ఒకసారి అడిగాను.

"నేను చూస్తుండా గదమ్మే" అన్నాడు. "కాలు ఆనిందా, ఖలాస్. మళ్ళా కిందనించే."

ఆ మాట నాకూ పనికొచ్చింది. జెబెల్ అలీలో మంచి ఉద్యోగం చేతికి అంది, డ్రైవింగ్ లైసెన్సు లేక ఆగిపోయిన రోజులవి. ఇక్కడ లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఏటవాలు మీద కారు ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ముందుకు తీయాలి. నా కారు ప్రతిసారీ జారింది. ఎన్నిసార్లు తప్పానో చెప్పను, అత్తయ్య అయితే మొక్కులు మార్చి మార్చి మొక్కింది. ఇక చాలనుకొని కూర్చుంటే మామయ్య తన కారు తాళాలు నా ఒళ్ళో పడేసి, ఆ ర్యాంపు దగ్గరికే తీసుకుపోయాడు. కారు జారినప్పుడల్లా, "గమ్మునుండు. భయపడబాక. కిందికి పోదాం" అనేవాడు. విసుక్కోలేదు, పొగడనూ లేదు. లైసెన్సు వచ్చిన రోజున మాత్రం స్వీటు డబ్బా ముందు చాచాకు ఇచ్చి, తరవాతే ఇంటికి తెచ్చాడు.

2006 వేసవిలో ముదీర్ పిలుపు మీద నిజంగానే ఇంగ్లండ్ వెళ్ళాం. మామయ్య సైకిల్ మీద, పక్కనే ముదీర్ తన సైకిల్ మీద. వెనకాల అద్దె కారులో నేనూ అత్తయ్యా. యార్క్‌షైర్ కొండలవి. రాతి గోడల మధ్య కారొక్కటే పట్టేంత సన్నదారి, గోడలకు అవతల గొర్రెలు, ఎటు చూసినా కళ్ళు నొప్పి పుట్టేంత పచ్చదనం. మధ్యాహ్నం ఏదో ఒక ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఆగేవాళ్ళం. రాత్రికి ఎవరింట్లోనో అద్దెగది. ఒక బాణం గట్లన్నీ మామయ్య చక్కగా ఎక్కేశాడు. ఎదురొచ్చే సైక్లిస్టులు చెయ్యి ఊపితే ఈయన నమస్కారం పెట్టేవాడు. ఆ కాస్తకే హ్యాండిల్ వదిలేస్తున్నాడని అత్తయ్య కారులోంచి తిట్టేది.

ఆఖరి రోజు రెండు బాణాల కొండ. పొద్దుటినుంచీ తుంపర. మేము ముందు పోయి పైన కారు ఆపుకొని చూస్తున్నాం. ముదీర్ నెమ్మదిగా ముందు వస్తున్నాడు. మామయ్య సగం దాకా వచ్చి వంకరలు తిరిగి ఆగిపోయాడు. కాలు నేలకు ఆనింది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. కారు తిప్పి కిందికి దిగేసరికి ముదీర్ కూడా వెనక్కి వచ్చి, సైకిల్ నిలబెడదామని పట్టుకొని, ఎత్తలేక తెల్లబోయి ఉన్నాడు. దానికి తగిలించిన సంచులు తెరిచి చూస్తే బట్టల్లేవు. రెండు సంచుల నిండా పెద్ద పెద్ద నీళ్ళ సీసాలు.

ముదీర్ వర్షంలో తడుస్తూ, "ఇన్ని నీళ్ళా? ఇక్కడా?" అన్నాడు.

"కొండదారి గద సార్. మధ్యలో నీళ్ళు దొరుకుతాయో లేదో" అన్నాడు మామయ్య. ఆయన టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి.

ముదీర్ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. సీసాలు ఒలకబోసేద్దామన్నాడు. గల్ఫులో అన్నేళ్ళు బతికిన మామయ్య నీళ్ళు నేలపాలు కానిస్తాడా? ఒక్కొక్క సీసా అత్తయ్యే మోసుకొచ్చి డిక్కీలో పెట్టింది. "ఇంకేం, ఇక్కణ్ణించి ఎక్కు. సగం అయ్యింది గదా" అంది.

మామయ్య తల అడ్డంగా ఊపి సైకిల్ తిప్పాడు. ముదీర్ నా వంక చూశాడు. మామయ్య నియమం సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. ముదీర్ తన సైకిల్ కూడా తిప్పి, ఆయన వెంట కిందికి వెళ్ళిపోయాడు.

రెండోసారి నేను కారును ఆయన వెనకే మొదటి గేరులో నడిపాను. ముదీర్ చక్రం ఆయన చక్రం పక్కనే ఉంది. సగం దాటాక మామయ్య కుడి మోకాలు ప్రతి తొక్కుకూ వణకడం నాకు కనిపిస్తోంది. నిటారు మలుపులో సైకిల్ దాదాపు ఆగిపోయింది. నేనూ బ్రేకు తొక్కాను. ఆయన లేచి నిలబడి ఒక్క తొక్కు తొక్కాడు. ఇంకొకటి తొక్కాడు. నా కారు కూడా వెనక్కి జారకుండా ముందుకు కదిలింది. ఆ తరవాత ఏటవాలు కాస్త తగ్గింది, ఆయన పైకి చేరాడు.

పైన గాలి చెవులు కోసేస్తోంది. మామయ్య సైకిల్ దిగి, రెండు కాళ్ళ మీదా నిలబడి, ముదీర్ చెయ్యి పట్టుకొని, "సార్, కాలు బాగైంది" అన్నాడు. అంతే అన్నాడు. ఆసుపత్రి మంచం పక్కన తాను చెప్పిన మాట ముదీర్‌కు గుర్తుంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. వర్షమని మేమంతా అనుకున్నట్టు నటించాం. ఆ రోజు మామయ్యను చూసి గర్వపడినంతగా నేను ఇంకెవర్నీ చూసి గర్వపడలేదు.

తిరిగొచ్చాక కూడా శుక్రవారాలు మానలేదు. చాచా అడ్డకర్ర ఎత్తడం మానలేదు. చివరి శుక్రవారం కూడా ఎక్కాడు.

నెల్లూరులో కర్మలన్నీ ముగించి, అత్తయ్య ఫ్లాటు ఖాళీ చేయడానికి నాతో వచ్చింది. ఫ్రిజ్ మీది మ్యాపు ఊడదీసి తన పెట్టెలో పెట్టుకుంది. "సైకిల్ నువ్వు తీసుకోమ్మే. మూలన పెట్టబాక, మీ మామ ఊరుకోడు" అంది.

మొన్న శుక్రవారం దాన్ని తీసుకొని మాల్ దగ్గరికి వెళ్ళాను. చాచా నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసి, "మామా నహీ ఆయా?" అన్నాడు. చెప్పాను. కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ చాచి కళ్ళు మూసుకొని ప్రార్థన చేశాడు. తరవాత అడ్డకర్ర ఎత్తాడు.

తొక్కడం మొదలుపెట్టాను. మొదటి మలుపు ఎక్కాను. రెండో మలుపులో తొడలు మండిపోయి, సైకిల్ ఊగి, కాలు నేలకు ఆనింది. ఆ భవనంలో ఎవరూ లేరు. పైకి ఇంకొక్క మలుపే ఉంది. ఊపిరి తీసుకొని, సైకిల్ తిప్పుకొని, కిందికి దిగాను. కింద చాచా అడ్డకర్రను ఇంకా ఎత్తే పట్టుకొని ఉన్నాడు.