ఎంగిలి పడని వైను

మా బావగారికి ఎంగిలంటే గిట్టదు. కాఫీ అయినా సరే, గ్లాసు జానెడెత్తున పట్టి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకునేవారు.

డెబ్బయ్యో దశకంలో మా ఆటోనగర్ షెడ్డుకి లేత్ మిషను కొనడానికి ఇద్దరం ఆస్ట్రియా వెళ్లాం. అమ్మే ముసలాయన మమ్మల్ని ఇంటికింద చల్లటి సెల్లార్లోకి తీసుకెళ్లి, ఏళ్ల తరబడి దాచి తేనెరంగు తిరిగిన వైట్ వైను పోశాడు.

"ముందు వాసన చూడండి. దీని రుచి పట్టుబడడానికి ఏళ్లు పడుతుంది" అన్నాడు ఇంగ్లీషులో.

నేనది తెలుగులో చెప్పి ముగించేసరికి బావగారు చుక్క ఒలకకుండా గటగటా ఎత్తిపోసుకున్నారు.

"చల్లగా ఉందని చెప్పవోయ్."

బేరం పోయిందనుకున్నాను. ముసలాయన తనూ అలాగే గ్లాసెత్తి పోసుకోబోయాడు. వైనంతా గడ్డం మీదుగా చొక్కాలోకి పోయింది.

బావగారు భుజమ్మీది కండువా ఆయనకి అందించారు.

"పట్టుబడడానికి ఏళ్లు పడుతుందని చెప్పవోయ్."