లక్ష్మి నెత్తురు గడ్డకట్టిన మధ్యాహ్నం

దయ్యాలన్నా, గాలి సోకడమన్నా నాకు చిన్నప్పటి నుంచీ వెటకారమే. మాది మణుగూరు, నాన్న బొగ్గుబాయిలో పనిచేశాడు. బాయిలో పోయినవాళ్లు షిఫ్టు మారే వేళకు కనిపిస్తారని కాలనీలో చెప్పుకుంటుంటే, మరి వాళ్లకు డ్యూటీ ఎవరు వేస్తున్నారని అడిగి నాన్న చేత తన్నులు తిన్నాను. ఇప్పుడు భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున లేస్తే రక్తంతోనే నా పని. అలాంటి నేను ఈ సంగతి రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది, కానీ రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఇప్పపువ్వు రాలే రోజులు. పినపాక అవతలి అడవి ఊరి నుంచి లక్ష్మి అనే అమ్మాయిని పొద్దున్నే ఆటోలో తెచ్చారు. పువ్వు ఏరడానికి పోయినప్పుడు పాదంలో వెదురు ముక్క దిగబడిందట. పసరు కట్టుకుని మళ్లీ పనికి పోయింది. మా దగ్గరికి వచ్చేసరికి కాలు మోకాలి దాకా ఉబ్బి నల్లబడింది. బీపీ పడిపోయింది, పిలిస్తే పలకడం లేదు. వెంట భర్త, తల్లి కన్నమ్మ ఉన్నారు.

కాలిలోని చీము విషం ఒంటికంతా పాకింది. డాక్టర్లు దీన్నే సెప్సిస్ అంటారు. ఇది చేసే మోసం ఒకటుంది. ముందు ఒళ్లంతా సన్నటి నాళాల్లో, అక్కర్లేని చోటల్లా రక్తం గడ్డకడుతుంది. గడ్డకట్టడానికి కావలసిన సరుకంతా అక్కడే ఖర్చయిపోతుంది. ఇక నిజంగా అవసరమైన చోట రక్తం ఆగదు. లక్ష్మికి సూది గుచ్చిన ప్రతిచోటా నెత్తురు ఊరుతూనే ఉంది.

కాలు కోసి చీము తీయకపోతే ఎన్ని మందులు ఎక్కించినా బతకదని మా సర్జన్ మేడం తేల్చేశారు. రక్తం గడ్డకట్టకుండా కోస్తే టేబుల్ మీదే పోతుంది. అందుకని ముందు నా పరీక్ష కావాలి.

గడ్డకట్టే తీరు చూసే మిషన్‌లో వేసే మందు సరిగ్గా అప్పుడే అయిపోయింది. పాత పద్ధతే దిక్కు. ఈ అడవి పక్క దవాఖానాల్లో పాముకాట్లు ఎక్కువ కాబట్టి అది మాకు వెన్నతో పెట్టిన విద్య. పొడి గాజు ట్యూబులో రక్తం పోసి కదపకుండా ఉంచుతాం. ఆపైన మెల్లగా వంచి చూస్తాం. గడ్డకడితే కదలదు, లేకపోతే జారుతుంది. లక్ష్మి రక్తం నీళ్లలా జారింది. ఇంకాసేపు ఉంచి వంచాను, అదే తీరు.

అలాంటి ట్యూబును వెంటనే పారేయను. తర్వాత తీసే శాంపిల్‌తో పోల్చుకోవడానికి స్టాండులోనే ఉంచుతాను. మధ్యాహ్నానికి ఎర్రదంతా అడుగుకు దిగి, పైన పసుపు నీరు తేలింది. గడ్డకట్టని రక్తం ఎప్పుడూ చేసే పనే అది.

గడ్డకట్టే సరుకు ఉండేది ప్లాస్మాలో. మా దగ్గరున్నది ఎక్కిస్తున్నారు, ఖమ్మం నుంచి ఇంకా రావాలి. అదంతా ఎక్కాక సాయంత్రం మళ్లీ పరీక్ష చేసి, బాగుంటే ఆపరేషన్ చేద్దామన్నారు మేడం. సాయంత్రం దాకా ఆ పిల్ల ఉంటుందా అన్నది మాత్రం ఎవరమూ అడగలేదు.

ఈలోగా కన్నమ్మ వచ్చి ల్యాబ్ కిటికీ అవతల వరండాలో కూర్చుంది. వార్డులో బిడ్డ దగ్గర ఉండమన్నాను. కదల్లేదు.

"ఆడ అల్లుడు ఉన్నడు బిడ్డా. ఈడ నా బిడ్డ నెత్తురు ఒక్కతే ఉన్నది. ఒకరు మనిషి కాడ ఉండాలె, ఒకరు నెత్తురు కాడ ఉండాలె."

ఎవరన్నా వింటే నవ్వుతారని నాకే సిగ్గేసింది. మా వార్డు ఆయాదీ ఆ పక్క ఊరే. ఇది మీలో ఆచారమా అని తర్వాత ఆమెను అడిగితే, తానెప్పుడూ వినలేదంది. కన్నమ్మ ఆ ట్యూబు వైపే చూస్తూ కోయ భాషలో ఏదో మాట్లాడుతూ ఉంది. మంత్రం చదివే గొంతు కాదది. పక్కింటామెతో ముచ్చట పెట్టినట్టు ఉంది.

నేను వేరే పరీక్షల్లో పడ్డాను. ఉన్నట్టుండి ఆమె మాట ఆగింది. ఆ మౌనానికే తల తిప్పాను.

"ఒకపాలి చూడు బిడ్డా" అంది.

చూశాను. పైన తేలిన పసుపు నీరు లేదు. ట్యూబు అడుగు నుంచి పై దాకా ఒకే ఎరుపు, అప్పుడే తీసి పోసినట్టు. ఎవరో కదిపారనుకుని కోపంగా చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా తగిలింది. ఏసీ నడుస్తోంది, పక్క ట్యూబులన్నీ చల్లగానే ఉన్నాయి. ట్యూబుకు అంటించిన చీటీ మీద లక్ష్మి పేరే, రాత నాదే. వంచాను, కదల్లేదు. పూర్తిగా తలకిందులు చేశాను. తోడుకున్న పెరుగులా నిలబడింది.

మెట్లెక్కి పరుగెత్తాను. వెచ్చదనం సంగతి మేడంకు చెప్పలేదు, పిచ్చి పట్టిందనుకుంటారని. ఇప్పుడే ఇంకో శాంపిల్ తీద్దామని మాత్రం అన్నాను.

"ప్లాస్మా సగం కూడా ఎక్కలేదు శ్రీనూ, ఇప్పుడు ఏం చూస్తావు?" అన్నారు. నా ముఖంలో ఏం కనబడిందో గానీ, "సరే, తియ్యి" అన్నారు.

కొత్త రక్తం కొత్త ట్యూబులో పోసి ఎదురుచూశాం. అంత ఆత్రం నా పెళ్లిచూపుల్లో కూడా లేదు. నర్సు, లక్ష్మి భర్త, మేడం అందరూ నా చేతి వైపే చూస్తున్నారు. వంచాను. కదల్లేదు. భర్త గోడకు ఆనుకుని ఏడ్చేశాడు. మేడం అప్పటికే థియేటర్‌కు ఫోన్ చేస్తున్నారు. నాకైతే ఎగరాలనిపించింది, నిజంగానే ఎగిరాను.

చీము తొడ దాకా పాకుతోందట. సాయంత్రం దాకా ఆగి ఉంటే ఆపరేషన్ చేయడానికి మనిషే మిగిలేది కాదని థియేటర్ బయటికి వచ్చాక మేడం అన్నారు. మూడో రోజుకు లక్ష్మి కళ్లు తెరిచింది.

తర్వాత మేడంకు అంతా చెప్పాను. ముందు నవ్వారు. ట్యూబులు మారి ఉంటాయన్నారు, ఆలస్యంగా గడ్డకట్టి ఉంటుందన్నారు. విడిపోయిన రక్తం కదపకుండా మళ్లీ ఎలా కలిసింది, కదిపితే వెచ్చగా ఎలా అయింది? ఆమెకు ఎక్కించిన ప్లాస్మా పొద్దున్నే తీసిన రక్తాన్ని ఎలా చేరింది? మేడం వాచీ చూసుకుని రౌండ్స్‌కు వెళ్లిపోయారు.

కన్నమ్మనూ అడిగాను. "నేనేం జేయలే బిడ్డా. ఇంటికాడి ముచ్చట్లు చెప్పుకుంట కూసున్న" అంది.

డిశ్చార్జి రోజున లక్ష్మి భర్త భుజం పట్టుకుని ల్యాబ్ గుమ్మం దగ్గరికి వచ్చింది. స్పృహలో ఉండగా ఆమె నన్ను చూడటం అదే మొదలు. ఆపరేషన్ తర్వాత ఆమె శాంపిల్స్ అన్నీ వేరే అమ్మాయి తీసింది. లక్ష్మి నా ముఖం వైపు కాసేపు చూసింది.

"నువ్వే గదా సారూ, నన్ను ఊకె వంచి వంచి చూసింది" అంది. "నిలవడదామంటే నిలువలేకపోయిన. కండ్లు తిరిగినయ్."

తల్లి చెప్పి ఉంటుందనుకుని కన్నమ్మ వైపు చూశాను. ఆమె నాకంటే ఎక్కువ బిత్తరపోయి కూతురి వైపు చూస్తోంది. ఏం చెప్పలేదని తల అడ్డంగా ఊపింది.

దీనికి లెక్క నాకు ఇప్పటికీ అందలేదు. దయ్యాలను ఈ రోజుకూ నమ్మను. ట్యూబులు మాత్రం ఇప్పుడు చాలా మెల్లగా వంచుతున్నాను.