పిల్లికి విషం పెట్టిందెవరు

మదురైలో మాట్టుతావణి దగ్గర మా వీధిలో సగం ఇళ్లు తెలుగువాళ్లవే. ఎదురింటి పెద్దాయన మేడమీద పావురాలు పెంచుతాడు. మా పిల్లి కళ్లెప్పుడూ ఆ పావురాల మీదే. "ఇంకోసారి మేడెక్కిందంటే ఏమవుతుందో నేను చెప్పలేనమ్మా" అని ఆయన ఒకనాడు నాతో గట్టిగానే అన్నాడు.

మా పిల్లి అప్పుడప్పుడు కక్కేది. ఒళ్లు నాక్కుంటూ మింగిన బొచ్చు ఉండలా బయటపడగానే మళ్లీ చేప కోసం కాళ్లకు అడ్డం తిరిగేది. అందుకని ఒకరోజు పొద్దున వంటింట్లో నురగ కనిపిస్తే తుడిచేసి ఆఫీసుకు పోయాను. సాయంత్రం నేను రాగానే పెద్దాయన గేటు దగ్గర నిలబడ్డాడు.

"మీ పిల్లి మా మేడమీద కక్కిందమ్మా. ఒకటికి రెండుసార్లు. చూసుకోండి."

ఎన్నడూ లేనిది మెత్తగా మాట్లాడాడు. ఆ మెత్తదనమే నాకు అనుమానం పుట్టించింది. లోపలికి వచ్చి అత్తకు చెప్పాను. మల్లెపూలు కడుతున్న అత్త చెయ్యి ఆగింది. "ఎలుకమందు పెట్టుంటాడు. పెట్టి, తానే వచ్చి చెప్తున్నాడు చూడు."

మర్నాటికి పిల్లి మంచం కింద ముడుచుకుని ఉంది. చేప ముక్క ముక్కు దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. నీళ్లు తాగిన కాసేపటికే వాటినీ పసుపు నురగతో కక్కేసింది. ఎత్తుకుంటే పొట్ట తాకనివ్వలేదు. ఇక ఆగలేక బుట్టలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఎదురు మేడమీద పెద్దాయన వంగి చూస్తున్నాడు. అది బతుకుతుందా లేదా అని చూస్తున్నాడనే అనుకున్నాను.

"విషం పెట్టారు డాక్టర్" అన్నాను ఆసుపత్రిలో.

డాక్టరమ్మ పిల్లి నోరు తెరిచి నాలుక పైకెత్తింది. "ఇక్కడ చూడండి" అంది. నాలుక మొదట్లో చుట్టుకుని, గొంతులోకి దిగిపోయిన తెల్లటి దారం. పూలదారం. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"లాగకండి! లాగితే లోపల పేగు కోసుకుపోతుంది."

స్కాన్‌లో పేగు దారానికి గుచ్చినట్టు ముడతలు పడి ఉంది. ఆపరేషన్ చేశారు. బతికింది. "ఒకసారి కక్కి హుషారుగా తిరిగితే కనిపెట్టి ఉండండి. మళ్లీ మళ్లీ కక్కినా, నీళ్లు నిలవకపోయినా, తిండి మానేసి మూల చేరినా వెంటనే తీసుకురండి. నిన్ననే వచ్చుంటే దానికింత బాధ ఉండేది కాదు" అంది డాక్టరమ్మ.

అది మళ్లీ మళ్లీ కక్కుతోందని నిన్న నాకు చెప్పింది ఎదురింటి పెద్దాయనొక్కడే.

పిల్లిని ఇంటికి తెచ్చిన రోజు పెద్దాయన వీధిలోకి దిగాడు. "ఏమైందమ్మా దానికి?"

"దారం మింగింది మామా. మా ఇంట్లోదే."

ఆయన నా మొహంలోకి చూశాడు. "విషమనుకున్నారా?"

నేను బుట్ట సర్దుకున్నాను. ఆయన తిరిగి తన మేడెక్కాడు.

అత్తకు మాత్రం అనుమానం తీరలేదు. "దారం సరే, మందు కూడా పెట్టలేదని ఏం నమ్మకం?" అంది. ఆ ఆదివారం పెద్దాయన పావురాల గూటి చుట్టూ వల కట్టించాడు. పిల్లి నుంచి పావురాలను కాపాడటానికో, ఇంకోసారి మా నోట విషం మాట రాకుండా తనను కాపాడుకోవడానికో, అడగడానికి నాకు మొహం చెల్లలేదు.